పలుపు ముడి

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు. ఆ సాయంత్రం గురించి ఆమె ఎక్కువగా మాట్లాడదు. ఎప్పుడైనా నోరు విప్పితే మాత్రం మనుషుల దగ్గర మొదలుపెట్టదు, పశువులను కట్టే పలుపుల దగ్గర మొదలుపెడుతుంది.

మా తాతయ్య కొట్టంలో నాలుగు గేదెలు ఉండేవట. గాలి పెరిగి తాటాకు కప్పు లేచిపోతుంటే ఆయన ఇంట్లోవాళ్ళందరినీ ఊళ్ళో మేడ ఉన్నవాళ్ళ ఇంటికి పంపించి, తాను కొట్టంలోకి వెళ్ళాడు. గోగునార పలుపులు. పొద్దుటినుంచి వానకు నాని ఉన్నాయి. బెదిరిన గేదెలు వెనక్కి తన్నుకుంటూ లాగడంతో గుంజల దగ్గర ముడులు రాయిలా బిగుసుకుపోయాయి. గోళ్ళతో కొంత, పళ్ళతో కొంత రెండు ముడులు విప్పాడు. మూడోదాని మీద చెయ్యి వేసేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆ ముడి ఇంకా సడలకముందే నడుముకు వచ్చాయి. కొడవలి ఇంటి చూరులో దోపి ఉంది. ఇంటికీ కొట్టానికీ మధ్య ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ అప్పటికే సముద్రం.

తాతయ్య చింతచెట్టు ఎక్కి బతికాడు. విప్పిన రెండు గేదెల్లో ఒకటి నాలుగో రోజున పక్క ఊరి పొలాల్లో, ఒంటినిండా గీతలతో, నిలబడి దొరికింది. రెండోది దొరకలేదు. విప్పని రెండింటి కోసం వెతకవలసిన పని లేకపోయింది. గుంజల దగ్గరే ఉన్నాయి.

ఆ ఉప్పెనలో చనిపోయిన మనుషులు పదివేలకు పైగా. పశువులు రెండు లక్షలకు పైగా. ఈ రెండో అంకెను మనం చదివి దాటిపోతాం. నేను దాటిపోలేను. వాటిలో ఎన్ని నీళ్ళు ముంచినందుకు చచ్చిపోయాయో, ఎన్ని కట్టేసి ఉన్నందుకు చచ్చిపోయాయో ఎవరూ విడదీసి లెక్క రాయలేదు. గేదె ఈదుతుంది. ఆవూ ఈదుతుంది. మెడకు పలుపు, పలుపుకు గుంజ ఉంటే ఏదీ ఈదలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పెంపుడు జంతువులను విపత్తులో చంపేది ఎక్కువసార్లు ప్రకృతి కాదు, మనం వేసిన ముడి. ఆ ముడి తాడుది కావచ్చు, తలుపు గొళ్ళేనిది కావచ్చు, పడవలో కుక్కకు చోటు లేదన్న ఒక నియమానిది కావచ్చు. కట్టేసే హక్కు మనం తీసుకున్నప్పుడు, ఎప్పుడు విప్పాలో, ఎవరు విప్పాలో, విప్పి ఎక్కడికి తోలాలో ముందే నిర్ణయించి పెట్టుకునే బాధ్యత కూడా మనదే. అది తుఫాను వచ్చిన రోజు చేసే పని కాదు. ఎండాకాలంలో, ఆకాశం తేటగా ఉన్నప్పుడు చేసే పని.

ఇది మన దగ్గరే ఉన్న లోపం కాదు. 2011 మార్చిలో జపాన్‌లో భూకంపం, సునామీ, ఆ వెంటనే ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగాయి. కేంద్రం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో ఉన్నవాళ్ళందరినీ ఖాళీ చేయించారు. ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తామనుకుని చాలామంది పాడిరైతులు ఆవులను పాకల్లో కట్టేసినచోటే వదిలి వెళ్ళారు. తిరిగి రానివ్వలేదు. ఆ ఆవులను చంపింది రేడియేషన్ కాదు. మెడలు కట్టులోనే ఉండగా ఆకలితో, దాహంతో చనిపోయాయి. క్రమశిక్షణకు, ముందుచూపుకు పేరు పడ్డ దేశంలోనే ఇలా జరిగింది. కొందరు రైతులు మాత్రం ఆంక్షలను కాదని మేత మోసుకుని వెళ్ళివచ్చారు. ఆ పని తప్పని నేను అనలేను.

"మనుషులకే దిక్కు లేనప్పుడు పశువుల గొడవ ఎందుకు" అనే ప్రశ్న నాకు ఎన్నోసార్లు ఎదురైంది. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పడవలు పది, ఎక్కవలసినవాళ్ళు వెయ్యిమంది ఉన్నప్పుడు వాళ్ళకు అలా అనిపించడం సహజమే. కానీ ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. మనుషులు వేరు, వాళ్ళ పశువులు వేరు అని అది అనుకుంటుంది. పాడి మీద బతికే ఇంటిని చూసినవాళ్ళు ఎవరూ అలా అనుకోరు. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుఫాను గుజరాత్ తీరానికి చేరుతున్న రోజున, భావ్‌నగర్ జిల్లాలో ఒక తండ్రీ కొడుకూ వాగు నీటిలో చిక్కుకున్న తమ మేకలను కాపాడబోయి కొట్టుకుపోయి చనిపోయారు. వాళ్ళు హెచ్చరికలు వినని మూర్ఖులు కారు. వాళ్ళ బతుకు ఆ వాగులో అరుస్తోంది, వెళ్ళారు. మేకలను ముందురోజే మెరక మీదికి చేర్చే ఏర్పాటు ఆ ఊళ్ళో ఉండి ఉంటే వాగులోకి దిగవలసిన అవసరమే వచ్చేది కాదు.

2005 ఆగస్టు చివర్లో అమెరికాలో కత్రినా తుఫానుకు న్యూఆర్లీన్స్ మునిగినప్పుడు కూడా ఇదే తేలింది. పిల్లినో కుక్కనో వదిలి రాలేక ఇళ్ళలోనే ఉండిపోయినవాళ్ళు ఎందరో. సహాయ శిబిరాల్లోకి, బస్సుల్లోకి జంతువులను రానివ్వలేదు. ఒక చిన్న పిల్లవాడి చేతుల్లోంచి అతని తెల్ల కుక్కపిల్లను తీసేసుకున్న సంగతి ఆ దేశమంతా చదివి కన్నీళ్ళు పెట్టుకుంది. మరుసటి ఏడాది, 2006 అక్టోబరులో, చట్టం వచ్చింది: విపత్తు నిధులు కావాలంటే రాష్ట్రాలూ స్థానిక ప్రభుత్వాలూ తమ ప్రణాళికల్లో ఇంటి పెంపుడు జంతువులకూ, వికలాంగులకు తోడుండే సేవా జంతువులకూ చోటు చూపించాలి. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఈ సంగతి ఉపయోగపడుతుంది. మీ కౌంటీలో కుక్కలను, పిల్లులను రానిచ్చే శిబిరం ఏదో తుఫాను కాలానికి ముందే తెలుసుకుని పెట్టుకోండి.

ఆ చట్టం మనకు నేరుగా సరిపోదు. అది కుక్కా పిల్లీ ఉన్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది, పాడిపశువుల జోలికి వెళ్ళదు. మన సమస్య బరువు గేదెది. నాలుగైదు వందల కిలోల జంతువును చంకన పెట్టుకుని పడవ ఎక్కలేం.

మన చట్టం ఏమంటుందో చూద్దాం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం విపత్తు అంటే ఏమిటో చెబుతూ ప్రాణనష్టం, మనుషుల బాధ, ఆస్తి నష్టం, పర్యావరణానికి హాని అని వరుసగా చెబుతుంది. ఆ నిర్వచనంలో పశువు అనే మాట లేదు. అంటే మా తాతయ్య గేదె ఆస్తి అనే మాటలో ఎక్కడో సర్దుకోవాలి. పరిహారం కూడా అలాగే ఉంటుంది. 2022లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం విపత్తు సహాయ నిధి నుంచి పాడి గేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, గొర్రెకు, మేకకు 4,000, కోడికి 100. ఒక కుటుంబానికి పెద్ద పాడిపశువులైతే మూడింటికి మించి ఇవ్వరు. మంచి ముర్రా గేదె ఈ రోజు లక్షకు పైమాటే. అయినా నా బాధ అంకె గురించి కాదు. ఆ నిబంధనల పుస్తకంలో పశువు మన కంటికి ఎక్కువగా కనిపించేది చనిపోయాకే. మేత శిబిరాలకు రోజుకు పెద్ద పశువుకు 80 రూపాయలు, చిన్నదానికి 45 చొప్పున ఖర్చు పెట్టవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ వాక్యం ఎంతమంది సర్పంచులకు తెలుసు? తెలిసి అడిగినవాళ్ళు ఎంతమంది?

చేయాలనుకుంటే ఏం చేయవచ్చో చూడాలంటే బంగ్లాదేశ్ వైపు చూడాలి. 1970 నవంబరులో భోలా తుఫాను అక్కడ లక్షలమందిని బలి తీసుకుంది. స్వతంత్రం వచ్చాక, తీరంలోని పల్లెల్లో మట్టి పోసి ఎత్తైన దిబ్బలు కట్టారు. ఆ దేశ స్థాపక నాయకుడు షేక్ ముజీబ్ పేరు మీద వాటిని ముజీబ్ కిల్లాలు అన్నారు. ఉప్పెన హెచ్చరిక రాగానే పశువులను ఆ దిబ్బల మీదికి తోలుతారు. యంత్రం లేదు, ఖరీదైన సాంకేతికత లేదు. చుట్టుపక్కలకంటే ఎత్తుగా ఉన్న మట్టి, దానిమీదికి పశువు ఎక్కగల వాలు, అంతే. మన తీరంలో 1977 తరువాత తుఫాను రక్షణ భవనాలు ఎన్నో కట్టారు, వాటి వల్ల మనుషుల ప్రాణాలు నిలిచాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ నేను చూసినవాటిలో పైకి వెళ్ళే దారి మెట్లే. గేదె మెట్లు ఎక్కదు. కట్టేటప్పుడు ఒక్క వాలుదారి వేసి ఉంటే, లేదా భవనం పక్కన అరెకరం మెరక చేసి ఉంటే, ఎంతమంది రైతులు రెండో ఆలోచన లేకుండా ఇల్లు వదిలి వచ్చేవారో.

అధికారులు ఏమీ చేయలేదని తిట్టిపోయడానికి నేను ఇది రాయడం లేదు. గోదావరి లంకల్లో జనం ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడకుండా చేసే పని ఒకటి ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. లంకల్లోని పెద్దవాళ్ళకు ఈ లెక్క నోటికి వచ్చు. రెండో హెచ్చరిక నాటికి గేదెలను పంటు అనే పెద్ద పడవ మీదనో, ఈదించో ఏటిగట్టు చేరుస్తారు. ముందు గేదె నీళ్ళలోకి దిగితే మిగిలినవి దాని వెంట దిగుతాయి. గట్టు మీద బరకాలు కట్టి, పక్కన గడ్డి మోపులు వేసి, మనిషీ పశువూ ఒకే కప్పు కింద నాలుగైదు రోజులు గడుపుతారు. భద్రాచలంలో 75.6 అడుగులకు చేరిన 1986 ఆగస్టు వరదనూ, 71.3 అడుగులు చేరిన 2022 జూలై వరదనూ వాళ్ళు ఇలాగే దాటారు. కష్టం పడలేదని అనను. దారి తెలిసిన కష్టం అది. గట్టు దగ్గర, తెలిసిన దారి, ముందు నడిచే గేదె, ఒక రోజు సమయం. విపత్తు ప్రణాళిక అనే పెద్ద మాటకు అర్థం ఇంతకంటే లేదు.

అన్ని చోట్లా ఆ ఒక్క రోజు దొరకదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. తేదీ చూడండి, దివిసీమ ఉప్పెన తేదీయే. చెయ్యేరు ఒడ్డున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ళ మీదికి నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. మనుషులే తప్పించుకోలేకపోయారు. కొట్టాల్లో కట్టేసిన పశువుల సంగతి చెప్పనక్కరలేదు. ఇలాంటిదానికి ఒక్కటే మందు: అసాధారణమైన వానలు పడుతున్న రాత్రుల్లో, పైన చెరువో ప్రాజెక్టో నిండి ఉందని తెలిసిన రాత్రుల్లో, పశువును కట్టి పడుకోకూడదు. దొడ్డి గేటు తీసిపెట్టి, పలుపులు విప్పి వదలాలి. పొలం మేస్తుందేమో, దొంగలు తోలుకుపోతారేమో అని భయం. పోయిన పంటకు ఒకరి దగ్గర మాట పడవచ్చు, రెండు మూడు వేలతో సర్దుకోవచ్చు. గుంజకు ఉరిపడిన గేదెను చూసినవాళ్ళు ఆ బేరం మరి ఆడరు.

పలుపు సంగతి దగ్గరగా చెబుతాను, ఎందుకంటే దీన్ని చిన్న విషయంగా తీసేస్తారు. మెడ దగ్గర వేసే ముడి ఎప్పుడూ బిగుసుకోని ముడి కావాలి, లేకపోతే పశువు లాగినకొద్దీ గొంతుకు ఉరి పడుతుంది. గుంజ దగ్గర వేసేది దీనికి సరిగ్గా తిరగబడాలి: ఒక్క లాగుకు ఊడే జారుముడి. తాడు చివరను పూర్తిగా లోపలికి దూర్చకుండా మడిచి ఉచ్చులా దోపుతారు. పశువు ఎంత లాగినా అది సడలదు. మనిషి ఆ చివర పట్టుకుని లాగితే మాత్రం చీకట్లోనైనా, తడిసి ఉన్నా, వణికే చేతులతోనైనా ఊడివస్తుంది. మా ఊళ్ళో ఇప్పుడు నార పలుపులు తగ్గి నైలాన్ తాళ్ళు, ఇనుప గొలుసులు వచ్చాయి. నైలాన్ నార అంతగా నీళ్ళకు ఉబ్బదు కానీ గట్టిగా లాగితే దాని ముడి ఇంకెవరికీ విప్పడానికి రాదు. గొలుసు కొక్కెం తుప్పు పడుతుంది, అది అవసరం వచ్చిన రోజునే తెలుస్తుంది. అందుకే కొట్టం లోపలే, చెయ్యి అందే ఎత్తులో, నీళ్ళు అందని ఎత్తులో ఒక కొడవలి ఉండాలి. ఇంటి చూరులో కాదు.

ఇంకొకటి. యూరియా బస్తాలు కొట్టంలో ఒక మూల పేర్చడం మన పల్లెల్లో మామూలే. వరద నీళ్ళు చేరితే అది కరిగిపోతుంది. దాహంతో ఉన్న గేదె కాళ్ళ దగ్గరున్న నీళ్ళే తాగుతుంది. కాసేపటికి కడుపు ఉబ్బి, వణుకు వచ్చి, కింద పడిపోతుంది. వరద నుంచి బయటపడిన పశువు ఎరువు నీళ్ళకు చనిపోవడం కంటే అన్యాయం ఏముంటుంది? పురుగుమందుల డబ్బాలదీ ఇదే కథ. వానాకాలం రాకముందే వాటిని కొట్టంలోంచి తీసేయండి.

టీకాలు కూడా వానలకు ముందే వేయించాలి. వరద తగ్గాక గేదెలకు వచ్చే గురకవ్యాధి గంటల్లో ప్రాణం తీస్తుంది. పొద్దున మేత ముట్టదు, మధ్యాహ్నానికి గొంతు వాచి గురక, రాత్రికి చావు. టీకా వేసిన రోజే రక్షణ రాదు, దాని బలం ఒంటికి పట్టడానికి రెండు వారాలైనా కావాలి. నీళ్ళు వచ్చాక పశువైద్యుడి కోసం పరిగెత్తితే అప్పటికి ఆలస్యమే. గురకవ్యాధి, జబ్బవాపు, గొర్రెలకు చిటుక రోగం టీకాలు మే, జూన్ నెలల్లో ప్రభుత్వం వేయిస్తుంది. ఊళ్ళోకి టీకా బృందం వచ్చిన రోజున గేదెను పొలం తోలేసి దాచేవాళ్ళను నేను చూశాను. పాలు తగ్గుతాయని భయం. రెండు రోజులు తగ్గవచ్చు. ఆ రెండు రోజుల పాలకూ గేదెకూ తూకం వేసి చూసుకోండి. చెవికి వేసే 12 అంకెల పోగు గురించి కూడా చాలామందికి అపోహలున్నాయి. వరదలో కొట్టుకుపోయి ముప్పై కిలోమీటర్ల అవతల ఒడ్డుకు చేరిన గేదె మీదే అని చెప్పేది ఆ పోగే. చనిపోతే పరిహారం దగ్గర మీ మాటకు రుజువూ అదే. గేదె పక్కన ఇంటి మనిషి నిలబడి, పోగు అంకెలు కనబడేలా ఫోనులో ఒక ఫొటో తీసి, దూరాన ఉన్న చుట్టాలకు ఒకరికి పంపి పెట్టండి. మీ ఫోను నీళ్ళలో పోయినా వాళ్ళ దగ్గర ఉంటుంది.

మేత సంగతికి వస్తే, గడ్డివాము పల్లంలో వేస్తే వరదలో అన్నిటికంటే ముందు పోయేది అదే. తడిసిన గడ్డికి బూజు పట్టి విషమవుతుంది, అది పెట్టడం కంటే ఒక పూట పస్తు పెట్టడం మేలు. పెద్ద పశువుకు రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి, 50 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్ళు లెక్క వేసుకుంటే, రెండు గేదెలున్న ఇల్లు మూడు రోజులకు నలభై కిలోల గడ్డి అటక మీద పెట్టుకోవాలి. ఇది ఏ ఇంటికైనా సాధ్యమే. నీళ్ళే కష్టం. చుట్టూ నీళ్ళుండి తాగే నీళ్ళు లేకపోవడం పశువుకూ అంతే.

ఇప్పుడు పట్నం సంగతి. నేను విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఉంటాను. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న బుడమేరు వాగుకు గండ్లు పడి మా వీధి మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. మేము రెండో అంతస్తులో ఉన్నాం కనుక బతికిపోయాం. కింది ఇంట్లో ఒక మామ్మగారు, ఆమెకు పదకొండేళ్ళ కుక్క, దాని పేరు చిట్టి. ఇద్దరినీ మేమే పైకి తెచ్చుకున్నాం. రెండో రోజు పడవ వచ్చింది. పడవలో ఉన్న అబ్బాయి ఇరవై ఏళ్ళవాడు, రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. "మామ్మగారూ, మీరు దిగండి, కుక్కకు చోటు లేదు, మనుషులను మాత్రమే ఎక్కించమన్నారు" అన్నాడు. మామ్మగారు అతణ్ణి ఏమీ అనలేదు. "నువ్వు వెళ్ళు నాయనా, ఇంకెవరైనా ఉంటారు" అని చెప్పి డాబా మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఆమెకు రక్తపోటు మాత్రలు ఒక్కరోజుకే ఉన్నాయి.

ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతనికి చెప్పింది అతను చేశాడు. చెప్పినవాళ్ళు ఆలోచించలేదు. కుక్కను వదలమంటే మామ్మగారు రారని వాళ్ళకు తట్టలేదు. ఆమె మరో మూడు రోజులు అక్కడే ఉన్నారు. మాత్రలు మా పైవాళ్ళ అబ్బాయి మెడలోతు నీళ్ళలో వెళ్ళి తెచ్చాడు. అంటే ఒక కుక్కకు చోటు లేకపోవడం వల్ల ఇద్దరు మనుషుల ప్రాణాలు గండంలో పడ్డాయి. తరువాత ఎంతోమంది యువకులు సొంత ఖర్చుతో ఆ నీళ్ళలో తిరిగి డాబాల మీద చిక్కుకున్న కుక్కలకు, పిల్లులకు తిండి పెట్టారు. వాళ్ళకు నమస్కారం. కానీ వాళ్ళ దయ మీద ఆధారపడేది ప్రణాళిక కాదు.

ఆ తరువాత మామ్మగారి ఇంట్లో తలుపు పక్కన ఒక సంచి వేలాడుతోంది. అందులో చిట్టి టీకాల పుస్తకం ప్లాస్టిక్ కవరులో, ఒక పట్టీ, మూతికి కట్టే చిక్కం, వారానికి సరిపడా తిండి, చిట్టితో మామ్మగారు దిగిన ఫొటో ఉన్నాయి. మెడ పట్టీకి చిన్న రేకు, దానిమీద రెండు ఫోను నంబర్లు. రెండోది ఊరు బయట ఉండే కూతురిది, ఎందుకంటే వరదలో మన ఫోను పనిచేయదు. చిక్కం ఎందుకు అని అడిగాను. "పడవలో ఎక్కనివ్వకపోతే కరుస్తుందన్న భయమే కదమ్మా కారణం. ఆ మాట వాళ్ళకు లేకుండా చేస్తాను" అన్నారు. ప్రతి ఆదివారం చిక్కం కట్టి, కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బెల్లం ముక్క పెట్టి విప్పుతారు. ఇప్పుడు చిట్టి చిక్కం చూడగానే తోక ఊపుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఇదే అభ్యాసం మూత ఉన్న గంపతో చేయాలి. గంపలోకి ఎప్పుడూ దూరని పిల్లి, నీళ్ళు వచ్చిన రాత్రి దూరదు. మంచం కిందికి దూరుతుంది.

నీళ్ళు తీసిన తరువాతి రోజుల గురించి రెండు మాటలు. తెగిన కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడకుండా పశువును తోలకండి, తోలేవాళ్ళూ పోతారు. రెండు రోజులు పాలు పిండని గేదెకు పొదుగువాపు రావచ్చు, దూడనైనా తాగనివ్వండి. చనిపోయినవాటిని కాలువలోకి తోసేయకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ఆ నంబరు కొట్టం గోడ మీద బొగ్గుతోనైనా రాసిపెట్టుకోండి. ఇవి చాలామందికి తెలిసినవే.

తెలియనిది, నాకు కూడా ఈ మధ్యే తోచినది ఇంకొకటి. ప్రతి ఊళ్ళో పశువులు ఎవరివి ఎన్ని ఉన్నాయో లెక్క ఉంటుంది. వాటిని ఎక్కడికి తోలాలో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. మెరక ఏది, దానిమీద ఎన్ని పశువులు పడతాయి, దారిలో వంతెన మునిగితే రెండో దారి ఏది, యజమాని ఊళ్ళో లేకపోతే ఎవరు విప్పాలి. ఈ నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసి గ్రామ సచివాలయంలో అంటించడానికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. యజమాని ఊళ్ళో లేని కొట్టాలే ఎక్కువ ప్రమాదం. ఇప్పుడు మా ఊళ్ళో సగం పాడి ముసలివాళ్ళ చేతిలో ఉంది. పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. గేదెను ముసలమ్మ చూసుకుంటుంది, ఆమెకు వంగి ముడి విప్పే ఓపిక లేదు. ఆ ముడి విప్పవలసింది పక్కింటి కుర్రవాడు. అది తన పని అని అతనికి ముందే ఒకరు చెప్పాలి.

పోయిన మే నెలలో అమ్మతో కలిసి మా పెదమామయ్య ఇంటికి వెళ్ళాను. ఆయనకు ఇప్పుడు రెండు గేదెలు, ఒక పెయ్య. అమ్మ వెళ్ళీ వెళ్ళగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి వెళ్ళింది. ఒక్కో గుంజ దగ్గరా వంగి ముడి చూసింది. రెండు బాగున్నాయి. పెయ్య దగ్గర ముడి మామూలు ముడి, బిగుసుకుని ఉంది. అమ్మ పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి, కుండలోంచి నీళ్ళు తెచ్చి ఆ ముడి మీద పోయించింది. "ఇప్పుడు విప్పు" అంది. వాడు చాలాసేపు తంటాలు పడ్డాడు. గోళ్ళు ఎర్రబడ్డాయి. పెయ్య విసుగ్గా తల ఊపింది.

అమ్మ గూటిలోంచి కొడవలి తీసి ఆ పలుపు కోసేసింది. కొత్త తాడు తెప్పించి, ముడి ఎలా వేయాలో వాడి చేతులు పట్టుకుని చూపించింది. వాడు వేశాడు. అమ్మ నీళ్ళు పోసింది. వాడు చివర పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"ఇంకోసారి" అంది అమ్మ. "ఈసారి కళ్ళు మూసుకుని."